పిట్ట ముట్టేదాకా

విమానాశ్రయం పక్కనున్న పాల్మాకులలో తల్లి పోయి పదోరోజు. పొలం గట్టున విస్తరిలో అన్నం, కూర, కల్లు పెట్టి రెండు గంటలైనా ఒక్క పిట్టా వాలలేదు. కొడుకు నిలిచిన చోట నిలవలేకపోతున్నాడు.

"విమానాల మోతకు బెదురుతున్నయేమో అక్కా."

"మోత ఇయ్యాల కొత్తదా? అవ్వకు ఏదో కోరిక మిగిలింది. నువ్వేమన్న మాటిచ్చి మరిచినవా?"

"తొంభై ఏండ్లల్ల 'నాకోసం గిది చెయ్యి' అని ఎన్నడన్న అడిగిందా? 'అందరు తిన్నరారా?' గదొక్కటే అడిగేది."

"కరోనల బెంగుళూరు రోడ్డు మీద నడిచిపోయేటోళ్లకు వండిపెట్టినప్పుడు గూడ గంతే. ఆఖరి మనిషి తిన్నంకనే తను ముద్ద ముట్టేది."

అతను వెనక్కి తిరిగి చూశాడు. టెంటు కింద ఊరంతా ఎదురుచూస్తూ కూర్చుంది.

"జహంగీర్ మామకు షుగర్. పొద్దటిసంది ఏం తినలే."

"ఏం జేస్తం తమ్మీ? పిట్ట ముడితేనే అవ్వ తిన్నట్టు. గప్పటిదాక ఎవ్వరు తినొద్దు గదా."

"వాళ్లు తినకుంటే అవ్వ ఎట్ల తింటది అక్కా?"

 అక్క కొంగు నడుముకు దోపుకుంది.

"ఇగ అన్నాలకు బంతి వెయ్యి. ముందుగాల జహంగీర్ మామకు పెట్టు."