లారీ కాటా మీద కొత్తిమీర కట్ట

అమ్మా, అయ్యా, తోటి పనివాళ్ళారా! కుర్చీలు చాలక గోడవారగా నిలబడ్డవాళ్ళకీ, షిఫ్టు దిగి దుమ్ముబట్టలతోనే వచ్చినవాళ్ళకీ దండాలు. మన లెక్కలక్క ఇక లేదు. మొన్నటిదాకా కంట్రోల్ రూములో కంప్యూటర్లతో పోట్లాడిన ఇంజనీరమ్మ గుండె ఆగిపోయిందంటే, నాకింకా నమ్మబుద్ధి కావడం లేదు.

నేను బట్టీ మేస్త్రీని. లోపల ఇటుకలు రాలితే దిగి కట్టేది మేమే. అక్క నోరు మంచిది కాదు, ఉన్నమాట చెప్పాలి. హెల్మెట్ పట్టీ బిగించలేదని నన్ను గేటుదాకా తరిమింది. "నీ తలకాయ నీకు బరువైతే, మీ ఆవిణ్ణి అడిగి రా" అంది. నవ్వకండి, మీలో ఎవరు తప్పించుకున్నారు?

ఆ రోజు గుర్తుందా? మరమ్మతు కోసం బట్టీ ఆపాం. లోపలి మీటర్లు క్షణక్షణం పంపే వేడి అంకెలన్నీ ఒకే మొత్తంలో కూడుతూ కంప్యూటర్ సగటు చూపిస్తోంది. సగటు దిగుతోంది. మేనేజరుగారు గడియారం చూస్తున్నారు. మూసిన తలుపు ముందు మేం, తాపీలు పట్టుకుని. అందరికన్నా ముందు మా తమ్ముడు. మేనేజరుగారు తలుపు తీయమన్నారు.

అప్పుడొచ్చింది అక్క, రొప్పుతూ. తలుపుకి అడ్డంగా నిలబడింది. "చల్లారింది బట్టీ కాదురా, లెక్క!"

మేనేజరుగారు మండిపడ్డారు. కదిలిందా? కదల్లేదు. "మొత్తం కొండంతయింది. కంప్యూటర్ గుర్తుంచుకునే అంకెలకో హద్దుంది. లారీ కాటా మీద కొత్తిమీర కట్ట వేస్తే ముల్లు కదులుతుందా? కొత్త అంకెలు అలాగే మాయమైపోతున్నాయి. ఎన్ని వచ్చాయన్న లెక్క మాత్రం పెరుగుతోంది. భాగిస్తే సగటు దిగక ఏం చేస్తుంది?"

ఇనుప చువ్వకు గోనెగుడ్డ చుట్టి తలుపు కన్నంలోంచి దూర్చాం. అది మండుతూ బయటికొచ్చింది. మా తమ్ముడు తాపీ కింద పడేసి వెనక్కి జరిగాడు.

తర్వాత ఆ లెక్కని తనే తిరగరాసింది. అంకెల్ని చిన్నచిన్న కుప్పలుగా కూడి, ఆ తర్వాతే కుప్పల్ని కలిపింది. "చిన్నవాటిని ముందు చిన్నవాటితో కలపాలి. లేకపోతే పెద్దది మింగేస్తుంది" అనేది.

అమ్మాయీ, ఆ సాయంత్రం మీ అమ్మ ఆలస్యంగా వచ్చిందని నువ్వు అలిగి అన్నం మానేశావట. అక్కే చెప్పింది. తల్లీ, ఆ ఆలస్యం వల్లే మేమింకా ఉన్నాం. చూస్తావా?

ఆ రోజు బట్టీలోకి దిగాల్సినవాళ్ళారా, ముందు మీరు లేవండి. తమ్ముడూ, లే. అమ్మాయిని చూడనివ్వండి... ఇక మిగతావాళ్ళందరూ లేవండి. అక్క కోసం కాసేపు మాటలాపి నిలబడదాం.