దిగుడుబావి దగ్గర అనకూడని మాట

ఊరికి ఉత్తరాన చింతచెట్టు కింద దిగుడుబావి ఉంది చూడండి, మేకలు కూడా చుట్టు తిరిగి పోతాయే, దాని సంగతే చెబుతాను, దగ్గరికి జరిగి కూర్చోండి, కరెంటు ఇప్పుడప్పుడే రాదు. ఆ చెట్టు కాయ ఎవరూ కోయరు, రాలి అక్కడే పుచ్చిపోతుంది. ఎందుకో మీలో ఎవరికైనా తెలుసా? తెలియదు. ఊరికే భయపడుతున్నారన్నమాట. భయపడితే కారణం తెలుసుకుని భయపడాలి.

ఆ బావికి నలభై రెండు మెట్లు. మోటార్లు రాకముందు అక్కడ కపిల తోలేవాళ్ళు, ఎద్దులు ముందుకు నడిస్తే తోలుబాన నీళ్ళతో పైకి వచ్చేది, వెనక్కి నడిస్తే మళ్ళీ బావిలోకి దిగేది, ఆ గిలక చప్పుడు విని మా అమ్మ పొయ్యి వెలిగించేదట. ఇప్పుడు ఫోనులో అలారం పెట్టుకుంటున్నాం, అయినా లేవడం లేదు. సరే, ఆ కపిల తోలేది కోటిలింగం అని ఒకతను. అతనికి ఒక అలవాటు, ఎక్కడి నుంచి లేచినా వెళ్ళొస్తా అనందే కదిలేవాడు కాదు. టీకొట్టు బెంచీకి కూడా చెప్పేవాడు. సాయంత్రం ఎద్దులను విప్పి, బావిలోకి వంగి, వెళ్ళొస్తా తల్లీ అనేవాడట. బావికి చెవులున్నాయా అని జనం నవ్వేవాళ్ళు.

అతని భార్య నాంచారమ్మ. ఒక వానాకాలం పొద్దున బిందెతో దిగి, పాచిమెట్టు మీద జారి, పోయింది. చావింటి నుంచి, కాటి నుంచి వెళ్ళొస్తాం అని ఎవరూ అనరు కదా, మీ ఇళ్ళల్లో చెప్పే ఉంటారు. దహనం అయ్యాక అలవాటు కొద్దీ ఎక్కడ అనేస్తాడోనని, అతని బావమరిది చేత్తో నోరు మూసి మరీ తీసుకొచ్చాడట.

ఆ తర్వాత పని మానేసి గ్రంథాలయం అరుగు మీద కూర్చునేవాడు. అక్కడి లైబ్రేరియన్ రాఘవాచారిగారు, నా చేత మొదటి పుస్తకం చదివించింది ఆయనే, ఆ బీరువా తీస్తే కలరా ఉండల వాసన గుప్పున వచ్చేది, ఆ వాసన ఎక్కడ తగిలినా నాకు తొమ్మిదేళ్ళే. ఆ భవనంలో ఇప్పుడు ఎరువుల బస్తాలున్నాయి. సరే, కోటిలింగానికి చదువు రాదు, కాస్త మనసు మళ్ళుతుందని ఆయనే దేశదేశాల కథలు చదివి వినిపించేవారు. అందులో గ్రీకుల కథ ఒకటి, ఆర్ఫియస్ అనే పాటగాడు చచ్చిపోయిన పెళ్ళాం కోసం పాతాళానికి దిగుతాడు, వాకిట్లో మూడు తలల కుక్క, లోపల హేడిస్ అనే రాజు, ఆ రాజు పాటకు కరిగి, తీసుకుపో, పైకి చేరేదాకా వెనక్కి చూడకు అంటాడు, ఇతను చూస్తాడు, ఆమె పోతుంది. ఇంకోటి జపాను వాళ్ళది. ఇజనాగి అనే దేవుడు యోమి అనే చీకటి లోకానికి పోయి భార్య ఇజనామిని రమ్మంటాడు. ఇక్కడి కూడు తినేశాను, పెద్దలను అడిగి వస్తాను, అందాకా నన్ను చూడకు అంటుందామె. ఆగలేక దువ్వెన పన్ను విరిచి వెలిగించి చూస్తాడు. పురుగులు పట్టిన ఒళ్ళు. పరుగెత్తుకొచ్చి దారికి బండ అడ్డం పెడతాడు.

కోటిలింగం అంతా విని, ఆర్పయ్యది తొందర, నాగయ్యది పిరికితనం, నేనైతే చూడను అన్నాడట. ఆ కుక్క మూడు తలలకూ విడివిడిగా ముద్దలు పెట్టాలా అయ్యగారూ అని కూడా అడిగాడట. కథేరా అది, కథ అన్నారీయన.

మర్నాడు దీపాలు పెట్టే వేళకు మూడు అన్నం ముద్దలు ఆకులో కట్టుకుని పోయాడు. బావిలోకి ఎట్లా దిగాడనుకున్నారు? వెనక్కి వెనక్కి నడుస్తూ. ముఖం చెట్టు వైపే ఉంటే చూసే పనే లేదు కదా. ఏళ్ళ తరబడి ఎద్దులను వెనక్కి నడిపిన మనిషికి అదేం కష్టం? ముద్దలు ఒక మెట్టు మీద పెట్టి ఇంకా దిగాడు, నడుముదాకా నీళ్ళొచ్చాయి, అప్పుడు వీపు వెనక నుంచి తిన్నావా అని అడిగిందట.

ఇంకేం అడుగుతుంది? అతను ఏడుస్తూ, నువ్వు ఇక్కడ ఏమైనా తిన్నావా అంటే, నువ్వు తినకుండా నేనెప్పుడు తిన్నాను అందట. ఆ పాడు అలవాటు ఒక్కసారికి పనికొచ్చింది చూశారా. తినలేదు కాబట్టి రావచ్చు.

ఎక్కాడు. వెనకాల తడి పాదాలు, రాతి మీద మెట్టెల చప్పుడు. నలభై రెండు మెట్లూ ఎక్కాడు, చూడలేదు. చింతాకు కాలికి తగిలింది, గట్టు మీదికి వచ్చేశాడు, ఆ సంతోషంలో ముందుకే చూస్తూ, చేతులు జోడించి, వెళ్ళొస్తాం తల్లీ అన్నాడు.

మంచిది, రండి అని కింది నుంచి ఎవరో ఎంతో మర్యాదగా అన్నారట.

మెట్టెల చప్పుడు ఆగింది. తర్వాత కిందికి దిగడం మొదలుపెట్టింది. అప్పటికీ అతను వెనక్కి చూడలేదట.

తెల్లారి రాఘవాచారిగారికి ఇదంతా చెప్పి, మాట ఇచ్చాం కదా అయ్యగారూ అన్నాడు. ఆయన జ్వరమేమో అనుకున్నారు. సాయంత్రందాకా అరుగు మీదే కూర్చుని, లేచి, పోతున్నా అయ్యగారూ అన్నాడట. వెళ్ళొస్తా అనలేదని ఈయనకు తట్టేసరికి అరుగు ఖాళీ. నేను కాలేజీ సెలవులకు వచ్చి ఆ పుస్తకం అడిగితే, అది ఇవ్వనమ్మా అని ఇదంతా చెప్పారు. కళ్ళ గురించి రెండు కథలు చదివాను, నోటి గురించి ఒక్క మాట చెప్పలేకపోయాను అన్నారు.

ఆ బావిలోంచి తిన్నావా, తిన్నావా అని రెండు గొంతులు వినిపిస్తాయని అంటారు. నేను చదువుకున్నదాన్ని, నమ్మను. అటు వెళ్ళినప్పుడు మాత్రం నోరు మెదపకుండా వచ్చాను.

అదుగో, కరెంటొచ్చింది, లేవండి. ఏమిటీ, వెళ్ళొస్తాం పిన్నీ అంటున్నారా? ఇక్కడ అనండి, ఎన్నిసార్లయినా అనండి, అని రండి. ఆ బావి వైపు మాత్రం పోకండి. పోతే, మీ మర్యాదలన్నీ ఇంట్లో పెట్టి పోండి.