మంగళం పాడని చింత

వంక నీళ్ళకు అవతల ఒంటి చింత ఉందే, దాని కిందికి మేకలోళ్ళు కూడా ఎందుకు పోరో ఎరుగుదురా? దగ్గరికి రాండి, రామయ్యతండ్రిని తలుచుకోండి, చెబుతా. తక్కిన చింతలన్నీ పొద్దుగూకితే ఆకు ముడుచుకొని నిద్రపోతాయి. అది ముడవదు. ఎట్లా ముడుస్తుంది నాయనా, కింద భజన ఇంకా అయిపోలేదాయె!

వెనకటికి మన ఊళ్ళో ఇద్దరు పెద్దలుండేవాళ్ళు. పెద్దిరెడ్డి కరువొచ్చిన ఏడు తన గింజల గరిసె తెరిచి ఊరందరికీ అంబలి పోసినాడు. సంజీవప్ప గురువు చుట్టుపక్కల పల్లెలకంతా చెక్కభజన నేర్పించినాడు. ఒకాయన కడుపు నింపె, ఒకాయన నోట్లో రామనామం పెట్టె, ఎవరు గొప్ప? నన్నడిగితే ఇద్దరికీ దండం పెడతా. వాళ్ళకు అది చాల్లేదు. శ్రీరామనవమికి ఆ చింత కింద భజన ముగిసే వేళ, మొదటి హారతి నాకంటే నాకని పట్టుబట్టి, మంగళం పాడకుండానే వెళ్ళిపోయినారు. భజన మొదలైనాక మంగళం పాడి హారతి అందుకుంటే గానీ అడుగు ఆపగూడదు గదా! ఆ యేడే ఇద్దరూ పోయినారు, ఆ వెనకాల వాళ్ళ జట్టంతా ఒకరొకరే పోయినారు, పోయి యాడికి పోతారు, నేరుగా చింత కిందికే వచ్చినారు.

ఆ తరవాత చాన్నాళ్ళకు మన తిమ్మక్క సంగతి. ఆమె మొగుడు ఓబులేసు మంచోడే గానీ భజనలో అడుగు పడేది కాదు, అందరూ కుడికి తిరిగితే ఈయన ఎడమకు. “కడాకు పోబ్బీ, మా కాళ్ళు తొక్కుతావు” అని కడపటి వరసలో నిలబెట్టేవాళ్ళు. హారతి పళ్ళెం ఆడికొచ్చేసరికి కర్పూరం ఆరిపోయి ఒట్టి మసి మిగిలేది. ఆ మసే కళ్ళకద్దుకొని ఇంటికొచ్చేవాడు, తిమ్మక్క కొంగుతో ఆ మసి తుడిచేది.

ఒకనాడు దీపాలు పెట్టే వేళ ఎద్దును వెతుక్కుంటా పోయినాడు. ఎద్దు వచ్చింది, మనిషి రాలేదు. చింత కింది భజనలో చిక్కినాడని తిమ్మక్కకు అర్థమైపోయింది, కర్పూరం కొంగున కట్టుకొని, హారతి పళ్ళెం చేతబట్టి, రామా రామా అనుకుంటా వంక దాటింది.

దాటితే, దూరాన యాడో వాన కురుస్తున్నట్టు చెక్కల చప్పుడు. పాలపొంగులాంటి వెలుతురు. తెల్లపంచెల మనుషులు గాలికి వరిచేను ఊగినట్టు ఊగుతా ఆడుతున్నారు, గజ్జెలు మోగుతున్నాయి, కాళ్ళ కింద దుమ్ము మాత్రం లేవడం లేదు. కడపటి వరసలో ఓబులేసు. ఒక్క అడుగు తప్పడం లేదు తల్లీ! ముఖం చూస్తే నిద్రలో నవ్వే పసిబిడ్డ. తిమ్మక్కకు పిలవబుద్ధి కాలేదంట. కానీ చూస్తుండగానే అతని పాదాల కింద లేచే దుమ్ము కూడా పలచబడిపోతా ఉంది, అతనూ వాళ్ళలో కలిసిపోతున్నట్టు.

కర్పూరం వెలిగించి, మంగళం ఎత్తుకుంది. పెద్దలిద్దరూ చెరో పక్క నుంచి వచ్చి చేతులు చాపినారు. ఊరికి కూడు పెట్టింది నేనని ఒకాయన, పాట పెట్టింది నేనని ఇంకొకాయన. తిమ్మక్క వంగి దండం పెట్టి, “ఇద్దరూ పెద్దోళ్ళే సామీ, రవ్వంత పక్కకు జరగండి” అని, వరసలన్నీ దాటుకుంటా పోయి, మొదటి హారతి మొగుడి ముందర పట్టింది. మంట ఇంకా నిటారుగా మండుతా ఉంది. బతుకులో మొదటిసారి వెచ్చటి హారతి కళ్ళకద్దుకున్నాడు.

చచ్చినాక మొదటిసారి ఆ ఇద్దరూ ఒక్క మాట మీదికొచ్చినారు. “మేముండగా కడపటి వరసోడికా!” అని ఒకటే అరుపు. హారతి అందినోడికి భజన అయిపోయినట్టే గదా, ఓబులేసు కాళ్ళు ఆగినాయి. కళ్ళు నులుముకొని, “ఎద్దు దొరికిందా మేయ్?” అన్నాడంట. ఆమె పళ్ళెం నేల మీద పెట్టి, మిగిలింది మీరే అందుకోండని చెప్పి, మొగుడి చెయ్యి పట్టుకొని వంక దాటేసింది. వెనకాల ఆ ఇద్దరూ నేను ముందంటే నేను ముందంటా ఉండగానే కర్పూరం ఆరిపోయింది.

మరుసటి శనివారం భజనలో ఓబులేసు మళ్ళీ ఎడమకు తిరిగి పక్కోడి కాలు తొక్కినాడు. అందరూ తిట్టిపోస్తుంటే తిమ్మక్క అతని కాళ్ళ కింద లేచిన దుమ్ము చూసి కళ్ళొత్తుకొని నవ్వింది. ఆ చింతకు ఒక్క కొమ్మ, అతను నిలబడిన తావు మీదిది, అప్పటినుంచి పొద్దుగూకితే ఆకు ముడుస్తుంది. తక్కిన చెట్టంతా మేలుకొనే ఉంది.

అందుకే అటు పోవద్దండి. పోతే భయపెట్టరులే పాపం, పెద్దమనుషులు. మర్యాదగా కూర్చోబెట్టి, మా ఇద్దర్లో ఎవరు గొప్పో చెప్పమంటారు. ఇంక మీకు తెల్లవారదు.