గౌను మీద ఆముదం

ప్రత్తిపాడు పక్కన మిరప కల్లంలో కాయలు తిరగేస్తున్న తల్లి దగ్గరికి, కూతురు కనబడకుండా పోయిన ఏడేళ్ళ తర్వాత, హెడ్ కానిస్టేబులు ఒక కాగితం పొట్లం తెచ్చాడు.

"పాప కేసు మూసేశారమ్మా. కాలవగట్టు మీద దొరికిన గౌను నీకిచ్చేయమన్నారు."

"ఇలా ఇవ్వండి. ఉతికి తుమ్మకొమ్మకి ఆరేసిన గౌనే కదండీ?"

"అదే. ఉతికి ఎందుకు ఆరేశారో మాకు అంతుపట్టలేదు. మెడ దగ్గర ఈ జిడ్డు మరకొకటి. రక్తం కాదన్నారు."

"దొరికిన రోజే వాసన చూశానండి. ఆముదం."

"గౌనుకి ఆముదం ఎందుకమ్మా?"

"గౌనుకి కాదండి, పిల్లకి. తప్పిపోయిన రోజు కాయల కుప్పలో ఆడి ఒళ్ళంతా కారం పూసుకుంది. మంట పుడితే మేం ఆముదమే రాస్తాం. ముందు గౌను విప్పకుండానే మెడకి రాసుంటారు. ఇంకా ఏడుస్తుంటే విప్పి, కారం పోయేట్టు ఉతికారు."

"ఎవరు? ఎత్తుకెళ్ళినవాళ్ళా?"

"ఎవరైతేనేం లెండి. కూర్చోండి, మజ్జిగ తెస్తాను."

"ఇంత నిబ్బరంగా ఎలా ఉన్నావమ్మా?"

"చెడ్డవాళ్ళయితే పిల్ల ఏడిస్తే నోరు మూస్తారండి. వీళ్ళు ఆముదం రాశారు."