ఆడవాళ్ళ పెట్టె

సాయంత్రం నాలుగయింది. ఇసుకగాలి ఇప్పుడే కాస్త తగ్గింది. ఇంత గాలిలో పడి మా వీధిదాకా వచ్చారు, పాపం. కానీ నజియా ఇంట్లో లేదండీ. పొద్దున్నే వాళ్ళ పెదనాన్నతో వెళ్ళింది.

కూర్చోండి సిహేంగారూ. టీ పెడతాను. వద్దా? సరే.

మీకు నా కూతురి సంతకం కావాలి. ఓట్ల లెక్కింపు సవ్యంగా జరిగిందని. అంతేనా? సవ్యంగానే జరిగింది. అదేగా మా కొంప ముంచింది.

మీరు ట్యునీసు నుంచి మా లిబియాకి వచ్చి అన్నీ నేర్పారు. పెట్టె అందరి ముందూ తెరవాలి. ఒక్కో చీటీ ఎత్తి చూపించాలి. పేరు పైకి చదవాలి, పోటీ చేసేవాళ్ళ మనుషులు నిలబడి వినాలి. నజియా వంటింట్లో రొట్టెముక్క ఎత్తి చూపిస్తూ సాధన చేసేది. ఏమే, ఆ రొట్టె ఎవరికి ఓటేసిందే అని మా తోడికోడలు గజాలా ఏడిపించేది. నవ్వుకునేవాళ్ళం.

మా దగ్గర ఆడవాళ్ళకి వేరే పెట్టె, అది లెక్కపెట్టే పని నజియాది. మా వీధి ఆడవాళ్ళంటే ఇంకెవరు? మా ఇంటి కోడళ్ళు, ఆడపడుచులు, వాళ్ళ కూతుళ్ళు. ఊరి కౌన్సిలుకి పోటీలో ఉన్నదేమో మా బావగారు, హాజీ అబ్దుస్సలాం. ఆ పెట్టెలో ఏం ఉండాలో వేరే చెప్పాలా?

మీ తరగతిలో నజియా ఒక మాట అడిగిందట. మా చీటీలు మగవాళ్ళ చీటీల్లో కలిపేసి లెక్కపెట్టొచ్చా అని. గుర్తుందా? కుదరదన్నారు. ఏ పెట్టె లెక్క ఆ పెట్టెదే, కలిపితే దొంగ ఓట్లకి దారి అన్నారు. నిజమే. తప్పని నేననను.

మందుల షాపు యూనిస్ కూడా పోటీ చేశాడు. పోయినేడు గజాలా కూతురికి కాన్పు నొప్పులొస్తే సెబ్హా పట్నం ఆసుపత్రికని తన బండిలో తీసుకెళ్ళింది అతనే. ఆ కూతురు దారిలోనే పోయింది. గెలిస్తే ఊళ్ళో రాత్రిపూట నర్సుని పెట్టిస్తానన్నాడు. మా బావగారు మసీదుకి రంగులేయిస్తానన్నారు.

నేను యూనిస్‌కి వేశాను. ఎవరికీ చెప్పలేదు. నా ఒక్క చీటీ అంతమంది చీటీల్లో కలిసిపోదా అనుకున్నాను. గజాలా అలాగే అనుకుంది. మిగతా తోడికోడళ్ళు సల్మా, మబ్రూకా, హవా కూడా అలాగే. ఒక్కొక్కతీ తానొక్కతే అనుకుంది.

లెక్కింపు రోజు నజియాని ఇంటికి తీసుకెళ్దామని నేను స్కూలు వరండాలో కూర్చున్నాను. లోపల అది చదువుతోంది. యూనిస్. యూనిస్. యూనిస్. మా బావగారి కొడుకు కిటికీ పట్టుకుని వింటున్నాడు. కాస్త గొంతు తగ్గించవే అని అరవాలనిపించింది. హాజీ పేరు రెండుసార్లు వినపడింది. ఒకటి మా అత్తగారిది. రెండోది తనదేనని ఇంట్లో ప్రతి కోడలూ ఒట్టేసింది.

మొగుళ్ళు నమ్ముతారా? ఆ రాత్రే నలుగురినీ పుట్టిళ్ళకి పంపేశారు. పిల్లల్ని ఉంచుకున్నారు. నన్ను పంపడానికి నా మొగుడు బతికి లేడు, అందుకని మిగిలాను. హవాకి పాలు తాగే బిడ్డ. మేకపాలు పడితే కక్కేస్తోంది. ఆ ఏడుపు మీకూ వినపడుతోందిగా.

చీటీలు మళ్ళీ లెక్కపెట్టొచ్చు అంటారా? మర్నాడే చీటీలున్న స్కూలు గది కాలిపోయింది. ఎలాగని నన్నడక్కండి.

నిన్న బావగారొచ్చి, మీరు కూర్చున్న చోటే కూర్చున్నారు. కేకలేయలేదు. యూనిస్ కోసం కావాలనే పేర్లు తప్పు చదివానని నజియా ఎన్నికల కమిటీ ముందు చెబితే చాలన్నారు. ఓట్లు రద్దవుతాయి, ఇంటి పరువు నిలుస్తుంది, కోడళ్ళు సాయంత్రానికల్లా పిల్లల దగ్గరుంటారు అన్నారు.

"మరి నాకేమవుతుంది పెదనాన్నా?" అంది.

"నేను లేనూ తల్లీ" అన్నారు.

కావాలని తప్పు చదివితే జైలని మీరే నేర్పారటగా. ఆయన వెళ్ళాక అది నాకు చెప్పింది.

నేనేమన్నానా? వెళ్ళమనలేకపోయాను. వద్దనీ అనలేకపోయాను. పక్కగదిలో బిడ్డ ఏడుస్తోంది.

పొద్దున వాళ్ళ పెదనాన్నతో కమిటీ దగ్గరికి వెళ్ళేముందు తలకి గుడ్డ చుట్టుకుంటూ, "అమ్మా, నేను సరిగ్గానే చదివాను. నీకు తెలుసుగా?" అంది.

తెలుసన్నాను.

మీరు ట్రిపోలీకి ఫోన్ చేస్తారా? చేయండి. వాళ్ళు మీ ఆఫీసుకి చెబుతారు, మీ ఆఫీసు రిపోర్టు రాస్తుంది. పెట్టెలు కలిపి లెక్కపెట్టమని రాయండి. ఇంకో ఊళ్ళో ఆడపిల్లలకైనా పనికొస్తుంది. తల దించుకోకండి. మిమ్మల్ని తిట్టడానికి కూడా నాకు ఓపిక లేదు.

బండ్లు వస్తున్నట్టున్నాయి. మీరు కిటికీ దగ్గరికి రాకండి, నేను చూస్తాను.

గజాలా దిగింది. సల్మా దిగింది. చిక్కిపోయింది ఈ రెండ్రోజులకే. మబ్రూకా. అదిగో హవా, ఒక కాలికి చెప్పు లేదు, అలాగే పరిగెడుతోంది. ఏడుపు ఆగింది, విన్నారా? బిడ్డని తీసుకున్నట్టుంది.

బావగారు దిగారు. బండి తలుపు వేశారు.

గజాలా, సల్మా, మబ్రూకా, హవా. ఉండండి, మళ్ళీ చూస్తాను. గజాలా, సల్మా, మబ్రూకా, హవా.

నలుగురే.