గుర్వమ్మ గొంతు ఏ డబ్బాలున్నది

నల్గొండ కాలేజీలో గొర్లకాపరుల పాటలు దాచే గది. పాటలు రికార్డు చేసిన మేడం, కంప్యూటర్లు చూసుకునే గిరి.

"కంప్యూటర్ కాలిపోతే ఫికర్ లేదు, బ్యాకప్ ఉన్నదన్నవు గద గిరీ. ఇయ్యాల కాలనే కాలింది, ఏది మరి?"

"బ్యాకప్ డబ్బా, గదే హార్డ్ డిస్క్, ఖాళీగ చూపిస్తాంది మేడం."

"బ్యాకప్ అయిందని రోజూ పచ్చ టిక్కు వస్తాందని మురిసినవు. లోపల ఏమున్నదో ఒక్కనాడన్న తెరిచి చూసినవా?"

"లేదు. టిక్కు వస్తే అయినట్టే అనుకున్న."

"మనకు పాటలు పాడిన గుర్వమ్మ పోయి నెల కాలేదు. అమ్మ గొంతు ఒక్కసారి వింటనని ఆమె బిడ్డ మక్తల్ నుంచి వచ్చి బయట కూసున్నది. ఆమెకు నీ టిక్కు వినిపియ్యాల్నా?"

"జర ఆగుండ్రి. మొన్న కొత్త డబ్బా పెట్టినప్పుడు దానికి పాతదాని పేరే ఇచ్చిన. కంప్యూటర్ దాన్నే పాతదనుకున్నది, ఎక్కించెటందుకు కొత్త పాటలేం లేవు గనక ఉత్తగనే టిక్కు పెట్టుకుంట పోయింది. గుర్వమ్మ పాటలు పాత డబ్బాలనే ఉండాలె."

"ఇద్దరు పిల్లలకు ఒక్కటే పేరు పెట్టి, పిలిస్తే వేరేటోడు వచ్చిండని పరేషానయ్యెటోన్ని నిన్నే చూసిన. పాతది ఏడున్నది?"

"గీ బీరువ మీదనే. గీ వేరే కంప్యూటర్‌కు తగిలిస్తున్న. పేరు గూడ మార్చిన. వస్తున్నయి మేడం, పాటలన్నీ ఉన్నయి."

"ఒకటి పెట్టు, విందాం."

"ఇగో, గొర్లను అదిలిచ్చుకుంట పాడుతాంది. సారీ మేడం."

"నీ సారీ నేనేం చేసుకోవాలె? తలుపు కొడుతున్నరు, వినవడతలేదా? బయట్నుంచే బిడ్డ అమ్మ గొంతు గుర్తువట్టింది. పోయి తలుపు తియ్యి. నీ కుర్చీ ఆమెకిచ్చి, నువ్వు నిలవడు."