బారన్నర గుంజలు

పశువుల కొట్టానికి కొయ్య గుంజలు నిలబెట్టి మొదటి దూలం ఎక్కించేసరికి ఎండ దిగిపోయింది. వడ్రంగి బావ రంపప్పొట్టులో చతికిలబడ్డాడు. బామ్మర్ది నిలబడి దూలం వంక చూస్తున్నాడు.

“బావా, దూలం అటు వాలింది. నేల కుంగిందేమో.”

“కుంగలేదు. పొద్దున్నే నీళ్లు పోసి మట్టం చూశాను.”

“గుంజలన్నీ బారన్నరేగా? ఇటువి పోయిన నెల కోశావు, అటువి మొన్న కోశావు.”

“బారన్నరే. నా బార.”

“అదే అంటున్నా. ఇన్నేళ్లూ నువ్వు రెండు చేతులూ చాపి కొలిస్తే వేలెడు తేడా రాలేదు.”

“మధ్యలో కప్పు మీంచి పడ్డాను కదరా.”

“భుజం నయమైందన్నావుగా.”

“నొప్పి తగ్గింది. చెయ్యి పూర్తిగా చాపలేకపోతున్నా. అటు గుంజలు బెత్తెడు పొట్టి.”

“పోనీలే. కింద రాళ్లు పెట్టి లేపుదాం. ఆసామికి నేనే తప్పు కోశానని చెప్తా.”

“ఆ మాట మీ అక్క చెవిన పడితే నాకు అన్నం పెట్టదు. నేనే చెప్తాలే.”

“మరి రెండో దూలానికి కోయాల్సిన గుంజలు?”

“ఇటు గుంజ కొలత చూసి కోద్దాం. వచ్చే కొట్టం మాత్రం నీ బారతోనే.”

“అప్పటి సంగతి అప్పుడు చూద్దాం బావా.”

“ఇప్పుడే చూద్దాం. ఆ తాడు పట్టుకుని ఇలా నిలబడు. చేతులు చాపు.”

“చాలా?”

“చాలదు. పూర్తిగా చాపు. నా కోసం తగ్గించకు.”